గడ్డినేల కబుర్లు: మంద కాసిన ఇంటి నుంచి ముఖ్యమంత్రి దాకా (పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు)

గత నెల ఈ శీర్షికలో హ్యారీ స్ట్రామ్ గురించి రాశాను. కెనడాలో ఆల్బర్టా అనే రాష్ట్రానికి 1968 డిసెంబరు నుంచి 1971 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి. దక్షిణాన బర్డెట్ అనే చిన్న ఊరి దగ్గర, సేద్యమూ పశువులూ రెండూ ఉన్న ఇంట్లో 1914లో పుట్టారు. ఆల్బర్టా గడ్డ మీదే పుట్టి ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి ఆయనే. అదే ప్రాంతంలో పశువైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ జీవితం నాకు దగ్గరగా తెలుసు. మీ ఉత్తరాలు చాలా వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, వేల ఎకరాలున్న పశువుల ఆసామి ముఖ్యమంత్రి అయితే అందులో గొప్పేముంది? మన జమీందార్లు ఎమ్మెల్యేలు కావడం లాంటిదే కదా? (ఒక పాఠకుడు, నరసరావుపేట)

ఒక కాలానికి మీ మాట నిజమేనండి. 1881లో కెనడా కేంద్ర ప్రభుత్వం ఇక్కడి గడ్డిభూముల్ని లీజుకిచ్చింది. ఒక్కొక్కరికి లక్ష ఎకరాల దాకా, ఎకరానికి ఏడాదికి ఒక్క సెంటు చొప్పున, 21 ఏళ్లకు. అప్పుడు వచ్చినవాళ్లు పెద్ద ఆసాములే. వాళ్ల తర్వాత తరంలో ఆర్చీ మెక్లీన్ అని ఒకాయన ఉన్నారు. టేబర్ దగ్గర సీవై రాంచ్ (పెద్ద పశువుల క్షేత్రం) ఆయనది. 1909లో ఎమ్మెల్యేగా గెలిచి, 1910 నుంచి 1921 దాకా మంత్రిగా ఉన్నారు. కాల్గరీలో ఇప్పుడు ఏటా జూలైలో జరిగే స్టాంపీడ్ ఉత్సవం 1912లో మొదలైనప్పుడు, దానికి లక్ష డాలర్ల పూచీ ఇచ్చిన నలుగురు రాంచ్ యజమానుల్లో ఆయన ఒకరు. ఆయన్ని మీరు జమీందారు అంటే నేను కాదనను.

స్ట్రామ్ కథ అది కాదు. 1906-07 చలికాలంలో మంచు కింద గడ్డి అందక మందలకు మందలే చచ్చిపోయాయి. పెద్ద రాంచ్‌లు చాలావరకు ఆ దెబ్బకు కుంగిపోయాయి. ఆ తర్వాత ఈ దక్షిణపు మెట్ట నిండా చిన్న రైతులు దిగారు. 10 డాలర్ల ఫీజు కట్టి, 160 ఎకరాలు రాయించుకుని, మూడేళ్లు అక్కడే ఉండి దున్నితే పట్టా ఇచ్చేవారు. స్వీడన్ మూలాలున్న స్ట్రామ్ కుటుంబం ఈ తరానిది. 160 ఎకరాలంటే మనకు చాలా ఎక్కువగా వినిపిస్తుంది. వాన సరిగా పడని ఆ నేలలో ఒక ఆవూ దూడా ఏడాదంతా మేయాలంటే 40 ఎకరాల గడ్డి అయినా కావాలి. ఆ లెక్కన 160 ఎకరాల మీద బతికేది నాలుగు ఆవులు. వేల ఎకరాలున్నా అక్కడ చాలా కుటుంబాలవి మధ్యతరగతి బతుకులే.

పైగా ఆ మేత నేలలో చాలా భాగం రైతుది కాదు, ప్రభుత్వానిది. 1930 దాకా కేంద్రం చేతిలో ఉండేది, ఆ ఏడాది నుంచి రాష్ట్రానికి వచ్చింది. అంటే గడ్డికి యజమాని రాజధాని ఎడ్మంటన్‌లో కూర్చున్న రాష్ట్ర ప్రభుత్వం. లీజు ఎన్నేళ్లకు ఇస్తారు, ఎంత కట్టమంటారు, కరువొస్తే ఏం చేస్తారు అన్నవన్నీ అక్కడే తేలతాయి. గడ్డి సంగతి తెలిసిన మనిషి ఒకరు ఆ సభలో ఉండాలని మందలున్న ఊళ్లు కోరుకోవడం వెనక కారణం ఇదే.

ఇంకో మాట చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. ఈ లీజుల కంటే ముందు ఆ నేల అక్కడి ఆదివాసీలైన బ్లాక్‌ఫుట్ జనానిది. 1877లో ఏడో ఒప్పందం పేరుతో వాళ్లను చిన్న చిన్న ప్రాంతాలకు సర్దేశారు. ఎవరి రాంచ్ చరిత్ర చెప్పినా ఆ ఏడాదిని వదిలేసి చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రశ్న: మేడమ్, ఆయన ఎడ్మంటన్‌లో ఉంటే ఇంటి దగ్గర ఆవుల్ని ఎవరు చూసుకునేవాళ్లు? నాయకుల గురించి రాసేవాళ్లెవరూ ఇది రాయరు. (ఒక గృహిణి, ఆదోని)

ఈ ప్రశ్న చదివి చాలా సంతోషించానమ్మా. మా ఆదోని వైపు ఆడవాళ్లే ఇలా సూటిగా అడుగుతారు.

స్ట్రామ్‌గారి భార్య పేరు రూత్. వాళ్లకు ఆరుగురు పిల్లలు. ఆ ఇంట్లో ఏ రోజు ఎవరు ఏం చేశారో నేను చూడలేదు. ఆయన 1984లోనే పోయారు, నేను ఆ తర్వాత వచ్చాను. కానీ ఎమ్మెల్యేలున్న పశువుల ఇళ్లకు పనిమీద వెళ్లాను. అక్కడ ఏడాది ఎలా నడుస్తుందో చెబుతాను.

ఆవులు ఈనే కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. శాసనసభ ముఖ్య సమావేశాలు మొదలయ్యేదీ ఫిబ్రవరి, మార్చిల్లోనే. బర్డెట్ నుంచి ఎడ్మంటన్‌కు 500 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. వారాంతానికి సభ పని ముగించుకుని మంచులో బండి నడుపుకుంటూ ఇల్లు చేరితే, శనివారం ఒక్కరోజు మంద మధ్య గడుపుతారు. ఆదివారం చర్చి, మళ్లీ ప్రయాణం. మిగతా ఐదు రోజులూ, ఐదు రాత్రులూ ఇల్లాలివే.

రాత్రులంటే ఊరికే నిద్రపోయే రాత్రులు కావు. మైనస్ 25, మైనస్ 30 డిగ్రీల చలిలో రెండు గంటలకోసారి లేచి, టార్చి పట్టుకుని చూడి ఆవుల మధ్య తిరగాలి. దూడ తడిగా నేల మీద పడి గంటసేపు ఎవరూ చూడకపోతే చెవులూ తోకా గడ్డకట్టిపోతాయి, చచ్చిపోవచ్చు కూడా. దాన్ని ఎత్తుకొచ్చి వంటింట్లో పొయ్యి పక్కన పాత దుప్పటి మీద పడుకోబెట్టి తుడుస్తారు. తలకు బదులు వెనక కాళ్లు ముందొస్తే గొలుసులు కట్టి లాగాలి. అదీ కుదరకపోతే మాలాంటివాళ్లకు ఫోను. అర్ధరాత్రి నాకు ఫోను చేసే గొంతు పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ఆడగొంతే. ఆపరేషన్ చేస్తుంటే లైటు పట్టుకునేది ఆమె. నేను చేతులు కడుక్కునేలోపు కాఫీ పెట్టేదీ ఆమే.

అదే ఇంటికి నియోజకవర్గం ఫోన్లు కూడా వస్తాయి. మా రోడ్డు మీద మంచు తియ్యలేదు, మా అత్తను ఆసుపత్రి నుంచి ముందే పంపేశారు, లీజు కాగితం ఇంకా రాలేదు. ఫోనెత్తి పేరూ ఊరూ రాసుకుని, ఆయన రాగానే వరసగా చెప్పేది ఇల్లాలే. ఎన్నికల్లో గెలిచింది ఆయన పేరు మీద. ఓటేసినవాళ్లు మాట్లాడింది చాలాసార్లు ఆమెతో. ఈ స్త్రీల పేర్లు శాసనసభ గోడల మీద లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మే నెల వచ్చేసరికి దూడలకు అచ్చు వేయడం, టీకాలు. ఆ రోజు చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వస్తారు. ఒకరోజు మీ ఇంటికి మేము, మర్నాడు మా ఇంటికి మీరు. ఎమ్మెల్యే అయినా మంత్రి అయినా ఆ రోజు దూడ కాలు పట్టుకోవాల్సిందే. పట్టుకోకపోతే వచ్చే ఎన్నికల్లో దాని గురించే మాట్లాడుకుంటారు.

ప్రశ్న: అక్కడున్నవి మన ఒంగోలు జాతి పశువులేనా? విదేశాల్లో మన జాతి ఉందని విన్నాను. (ఒక పాఠకుడు, ఒంగోలు)

మీరు విన్నది బ్రెజిల్ సంగతండి. మన ఒంగోలు జాతి అక్కడికి వెళ్లి నెలోర్ పేరుతో లక్షల మందలైంది. వేడిని, పురుగును తట్టుకునే ఒళ్లు దానిది. ఆల్బర్టాలో ఉన్నవి హెర్‌ఫోర్డ్, ఆంగస్ జాతులు. బ్రిటన్ నుంచి వచ్చినవి, ఒత్తు బొచ్చుతో చలికి నిలుస్తాయి. తెల్ల మొహం, ఎర్ర ఒళ్లు ఉంటే హెర్‌ఫోర్డ్. మొత్తం నల్లగా, కొమ్ములు లేకుండా ఉంటే దాదాపుగా ఆంగస్.

ప్రశ్న: నేను మాజీ సర్పంచ్‌ని. మా దగ్గర ఎమ్మెల్యే దగ్గరికి పోయేది పింఛన్లకు, ఇళ్లకు, బదిలీలకు. అక్కడ ఊరోళ్లు ఎమ్మెల్యేని ఏం అడుగుతారు? (జగిత్యాల జిల్లా)

సర్పంచ్‌గారూ, బదిలీల పైరవీ అక్కడ నేను చూడలేదు. మిగతా బాధలు మీకు తెలిసినవే. కంకర రోడ్డు, చిన్న ఊరి ఆసుపత్రి మూసేస్తారన్న భయం, పిల్లలు తగ్గిపోయి బడిని పక్క ఊరి బడిలో కలిపేయడం. కరువు ఏడాదిలో ఎండుగడ్డి ఎక్కడ దొరుకుతుంది, రవాణాకు ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా. తోడేళ్లు దూడల్ని ఎత్తుకుపోతే పరిహారం. చమురు కంపెనీ బావి తవ్వడానికి పొలంలో దారి వేస్తే ఎంత ఇవ్వాలి. ఈ చివరిదాని మీద వచ్చినన్ని గొడవలు మరే విషయం మీదా రావు.

స్ట్రామ్ 1962 నుంచి 1968 దాకా వ్యవసాయ మంత్రి, ఆ తర్వాత కొన్నాళ్లు స్థానిక సంస్థల మంత్రి. అంటే మీరు చెప్పే పంచాయతీల శాఖ. ఊరి పని తెలిసినవాడికి ఆ రెండు శాఖలూ ఇవ్వడం తెలివైన పనే.

నా ఉద్యోగకాలంలో నేను చూసిన గడ్డు రోజులు 2003 నాటివి. ఆ మే 20న ఆల్బర్టాలో ఒక్క ఆవుకు పిచ్చి ఆవు వ్యాధి ఉందని తేలింది. ఒక్కటంటే ఒక్క ఆవు. అదే రోజు అమెరికా సరిహద్దు మూసేసింది. కెనడా పశువుల్లో దాదాపు 40 శాతం ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి, అమ్ముడుపోయేది ఎక్కువగా అమెరికాకు. వారం తిరక్కుండా సంతలు బోసిపోయాయి. ముసలి ఆవును అమ్మితే లారీ కిరాయి కూడా వచ్చేది కాదు. వయసు తక్కువ పశువుల మాంసానికి కొన్ని నెలల్లో దారి తెరిచారు. 30 నెలల లోపు పశువులు ప్రాణాలతో సరిహద్దు దాటడానికి మాత్రం 2005 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో ఊరి హాల్లో ఎన్నో మీటింగులు జరిగాయి. వ్యాధి గురించి చెప్పడానికి మమ్మల్నీ పిలిచేవారు. సొంత మంద ఉన్న ఎమ్మెల్యే లేచి మాట్లాడితే జనం ఊరుకుని వినేవాళ్లు. ఆయన ఇంట్లో కూడా బ్యాంకు అప్పు కాగితం టేబుల్ మీదే ఉందని అందరికీ తెలుసు. పట్నం నుంచి వచ్చిన అధికారి అవే అంకెలు చెబితే అరుపులే. అది సబబని అనను, అధికారుల్లో చాలామంది నిజాయితీగా పనిచేశారు. కానీ నష్టాన్ని తానూ భరిస్తున్నవాడి మాటకు ఉన్న బరువు వేరు.

ప్రశ్న: మా అనంతపురంలాగే వాన లేని చోటు అని రాశారు. మరి నీళ్ల కోసం ఆయనేం చేశారు? (డిగ్రీ విద్యార్థి, కదిరి)

బర్డెట్ చుట్టూ వాన ఏడాదికి 350 మిల్లీమీటర్లు దాటడం కష్టం. మీ జిల్లా కంటే తక్కువే. సెయింట్ మేరీ నది మీద 1951లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద బీన్స్, బంగాళాదుంప, పశుగ్రాసం పండుతున్నాయి. స్ట్రామ్ ప్రభుత్వం ఇంకా పెద్ద ఆలోచన చేసింది. ప్రైమ్ అనే పథకం కింద ఉత్తరాది నదుల నీటిని దక్షిణానికి మళ్లించాలని. తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది. మెట్ట ప్రాంతంలో పుట్టిన నాకు ఆయన ఆత్రం అర్థమవుతుంది. అయినా అన్ని నదుల్ని తిప్పకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం.

ప్రశ్న: మేడమ్, అంత మంచివాడైతే మూడేళ్లకే ఎందుకు ఓడిపోయాడు? మా లెక్చరర్‌గారు 'అసమర్థుడు కాబట్టి' అన్నారు. (పొలిటికల్ సైన్స్ విద్యార్థిని, వరంగల్)

తల్లీ, మీ లెక్చరర్‌గారి మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. అంకెలు చూడు.

స్ట్రామ్ పార్టీ పేరు సోషల్ క్రెడిట్. 1935లో అధికారంలోకి వచ్చి 36 ఏళ్లు దిగలేదు. ఆయనకు ముందున్న ఎర్నెస్ట్ మానింగ్ ఒక్కరే 25 ఏళ్లు ముఖ్యమంత్రి. రేడియోలో బైబిల్ ప్రసంగాలు చేసే మనిషి, ప్రతి ఇంట్లోనూ తెలిసిన గొంతు. ఆయన తప్పుకున్నాక 1968 డిసెంబరులో పార్టీ మహాసభ స్ట్రామ్‌ను ఎన్నుకుంది. రెండు నెలలు తిరగకుండానే మానింగ్ ఖాళీ చేసిన సొంత సీటులో ఉపఎన్నిక వస్తే కన్జర్వేటివ్‌లు గెలిచారు. అంటే కొత్తాయన కుర్చీలో సర్దుకునేలోపే ఆ పార్టీ కింద నేల కదలడం మొదలైంది.

1971 ఆగస్టు 30న ఎన్నికలు. అంతకుముందు 65లో 55 సీట్లున్న సోషల్ క్రెడిట్‌కు ఈసారి 75లో 25 వచ్చాయి. పీటర్ లాహీడ్ నాయకత్వంలో కన్జర్వేటివ్‌లకు 49. ఇంతవరకూ అందరూ చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, 1967లో మానింగ్‌కు వచ్చిన ఓట్ల కంటే 1971లో స్ట్రామ్‌కు దాదాపు 40 వేల ఓట్లు ఎక్కువ వచ్చాయి! శాతంలో 44 నుంచి 41కి తగ్గింది, అంతే. జరిగిందేమిటంటే, అంతకుముందు కన్జర్వేటివ్‌లు, లిబరల్స్, ఎన్డీపీ అనే మూడు ప్రతిపక్ష పార్టీల మధ్య చీలిపోయే ఓటు ఈసారి ఒక్క చోటికి చేరింది. 1967లో పది శాతం పైన ఉన్న లిబరల్స్ 1971లో ఒక శాతానికి పడిపోయారు. మన దగ్గర కూడా వ్యతిరేక ఓటు చీలకపోతే ఏమవుతుందో నీకు తెలుసు కదా.

ఇంకోటి, 1947లో లెడుక్ దగ్గర చమురు పడ్డాక రాష్ట్రం పట్నాలకు తరలిపోయింది. సీట్లు 65 నుంచి 75కి పెరిగినప్పుడు నగరాల బలం పెరిగింది. ఎడ్మంటన్ నగరంలో స్ట్రామ్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. లాహీడ్ కాల్గరీ లాయరు, ఒకప్పుడు ప్రొఫెషనల్‌గా కెనడియన్ ఫుట్‌బాల్ ఆడినవాడు, టీవీలో చూడముచ్చటగా ఉండేవాడు. స్ట్రామ్ నెమ్మదిగా, ఆలోచించి మాట్లాడే మనిషి. పక్కవాడితో కంచె దగ్గర నిలబడి మాట్లాడటానికి సరిపోయే తీరు అది, టీవీకి సరిపోదు. ఆయన లోపాలు లేవనడం లేదు. మానింగ్ కాలపు పాత మంత్రుల్ని చాలావరకు అలాగే ఉంచుకున్నారు. కఠినంగా ఉండాల్సిన చోట అందరి మాటా వింటూ కూర్చున్నారు. దాన్ని బలహీనత అను, ఒప్పుకుంటాను. కానీ 18 ఏళ్లవాళ్లకు ఓటు హక్కు వచ్చిందీ, పర్యావరణానికి ప్రత్యేక శాఖ ఏర్పడిందీ ఆ ప్రభుత్వంలోనే, 1971లో. పర్యావరణం అనే మాట కెనడా రాజకీయాల్లో అప్పుడప్పుడే వినిపిస్తున్న రోజులవి. గాలికి మట్టి లేచిపోయే నేల మీద పెరిగిన మనిషికి దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదని నేననుకుంటాను.

పరీక్షకు పనికొచ్చే విషయం ఇంకొకటి చెబుతాను. ఆల్బర్టా శాసనసభలో మాటలను అక్షరం పొల్లుపోకుండా నమోదు చేయడం 1972లో మొదలైంది. స్ట్రామ్ ముఖ్యమంత్రిగా సభలో ఏం మాట్లాడారో ఆ అధికారిక పుస్తకాల్లో లేదు. చాలావరకు ఆయన్ని ఓడించినవాళ్ల మాటల్లోనే ఆయన మనకు మిగిలారు. అసమర్థుడు అన్న ముద్ర అంత తేలికగా అంటుకోవడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి మీ లెక్చరర్‌గారికి ఆ 40 వేల ఓట్ల సంగతి తప్పకుండా చెప్పు.

ప్రశ్న: ఓడిపోయాక ఏ పార్టీలోకి మారాడు? (ఒక పాఠకుడు, విజయవాడ)

మారలేదండి. రాష్ట్రమంతా పోయినా తన సైప్రస్ నియోజకవర్గం మాత్రం ఆయన్నే గెలిపించింది. 1955 నుంచి వరసగా ఐదో గెలుపు అది. ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు. తర్వాత పార్టీ పగ్గాలు వేరేవాళ్లకు అప్పగించి, మామూలు ఎమ్మెల్యేగా 1975 దాకా ఉన్నారు. తాను ఏలిన సభలో ఇంకొకరు ఏలుతుంటే కూర్చుని, మళ్లీ రోడ్ల గురించీ లీజుల గురించీ అడగడానికి ఎంత నిబ్బరం కావాలి! నాకు ఆయన మీద గౌరవం కలిగింది ముఖ్యమంత్రి పదవి చూసి కాదు, ఈ నాలుగేళ్లు చూసి.

ప్రశ్న: జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి కాల్గరీ వస్తున్నాం. మీరు రాసిన చోట్లు చూడాలని ఉంది. ఎలా వెళ్లాలి? (దంపతులు, రాజమండ్రి)

తప్పకుండా చూడండి. జూన్ మంచి నెల, గడ్డి పచ్చగా ఉంటుంది. కాల్గరీకి దక్షిణంగా లాంగ్‌వ్యూ దగ్గర బార్ యూ రాంచ్ ఉంది. ఇప్పుడది జాతీయ చారిత్రక స్థలం. పాత కాలపు కొట్టాలు, గుర్రాలు అన్నీ చూపిస్తారు. అక్కణ్ణుంచి ఫోర్ట్ మెక్లాడ్ వైపు వెళితే హెడ్-స్మాష్డ్-ఇన్ బఫెలో జంప్ వస్తుంది. బ్లాక్‌ఫుట్ జనం వేల ఏళ్లపాటు అడవి దున్నల్ని కొండ అంచు మీదికి తరిమి వేటాడిన చోటు, 1981లో యునెస్కో గుర్తించింది. రాంచ్ చూసినవాళ్లు ఇదీ చూడాలని నా పట్టుదల. రాత్రికి లెత్‌బ్రిడ్జ్‌లో ఉండి, మర్నాడు మూడో నంబరు హైవే మీద తూర్పుకు వెళ్లండి. టేబర్ దాటాక బర్డెట్, ఆ పక్కనే బో ఐలాండ్. బర్డెట్‌లో చూడ్డానికి పెద్ద కట్టడాలేం లేవు, చుట్టూ పొలాలూ మందలూ చూడండి. పెట్రోలు లెత్‌బ్రిడ్జ్‌లోనే నింపుకోండి. జూన్ అయినా గాలి బాగా కొడుతుంది, స్వెట్టర్లు మర్చిపోవద్దు. కంచె పక్కన కారు ఆపి ఫొటోలు తీసుకోవచ్చు, గేటు తీసి మాత్రం లోపలికి వెళ్లకండి. దూడలున్న ఆవు కొత్త మనిషిని చూస్తే మీదికి వస్తుంది.